కార్డు ఖాళీ చేసినంక

నాకు క్యాసెట్లంటెనే ఇష్టముండె. క్యాసెట్ చేతుల పడితె జర బరువుంటది. దాని మీద కాగితం అంటించి పెన్నుతోని ఎవరి లగ్గమో రాసి అల్మారాల పెడితె ఇగ అది అక్కడనే ఉంటది. కరెంటు పోయినా ఉంటది, సిస్టం ఖరాబైనా ఉంటది. ఎవరన్న వచ్చి మా లగ్గం ఏది అని అడిగితె లేవకుండనే చెయ్యి చూపెట్టి "గదే" అనొచ్చు. కార్డుల కెమెరా వచ్చినంక ఆ "గదే" అనే మాట పోయింది నాకు. అప్పటి సంది మొదలైంది నా గుండెదడ.

తెలంగాణ వచ్చేకంటె జర ముందటి ముచ్చట ఇది. గోదావరిఖనిల చౌరస్తా ఎనుక సందుల ఒక వీడియో స్టూడియో ఉండె, అండ్ల నేను మిక్సింగ్, అంటె తీసిన వీడియోలు కోసి అతికే పని, చేసేదాన్ని. ఇంటర్ల ఒక సబ్జెక్టు ఉండిపోయింది, మల్ల ఫీజు కట్టలే. మా అక్క మొగుడు, మా బావ, బాయిల పనిచేస్తడు. మా దిక్కు బొగ్గు గనిని బాయి అనే అంటరు. డ్యూటీ లేని యాళ్లకు లగ్గాలకు పోయి కెమెరా పట్టేది. ఆయననే నన్ను తీస్కపోయి స్టూడియో అన్నకు అప్పజెప్పిండు. "మా మరదలు, నోరు ఎక్కువ గని చెయ్యి జల్ది" అని చెప్పిండు. అన్న నవ్వి, నోరుతోని మాకేం పని లేదు, చెయ్యి చాలు అన్నడు. గట్ల దొరికింది నాకు పని.

అన్న కొత్త కెమెరా కొనుక్కొచ్చిన దినం అందరం సుట్టు నిలవడి చూసినం. క్యాసెట్ పెట్టే జాగ లేదు. గోరంత కార్డు. నేను దాన్ని చేతుల పట్టుకొని, అన్నా, దీనిమీద పేరెక్కడ రాయాలె అని అడిగిన. బావ పడీపడీ నవ్విండు. నాకైతె నవ్వు రాలే. పేరు రాసే జాగ లేని దాంట్ల మనుషుల లగ్గాలు ఎట్ల పెడతరు?

కార్డు తీసి సిస్టంల పెడితె ఒక ఫోల్డర్, దాని లోపట ఇంకో ఫోల్డర్, దాని లోపట ఇంకోటి, ఉల్లిగడ్డ తీరు. అన్నిటికంటె లోపట ఉంటయి వీడియోలు. వాటికి పేర్లుండయి, ఉత్త నంబర్లు. సున్నా నుంచి మొదలైతయి. కార్డు ఖాళీ చేసి మల్ల కెమెరాల పెడితె మల్ల సున్నా నుంచే. అంటె ఎవరి లగ్గమైనా నంబరు అదే. రెండు కార్డులు ఒక్క ఫోల్డర్ల కుమ్మరిస్తె సిస్టం అడుగుతది, ఈ పేరు మీద ఒకటి ఉన్నది, దాన్ని తీసి ఇది పెట్టాల్నా అని. నిద్రమత్తుల అవునని కొట్టినవనుకో, ఒకరి తలంబ్రాల మీద ఇంకొకరి బరాత్ వచ్చి కూసుంటది.

మొదట్ల అన్న వీడియోలు మాత్రమే తీసుకొని, వాటి సుట్టు ఉన్న చిన్నచిన్న ఫైళ్లు కచ్రా అనుకొని ఇడిచిపెట్టేది. పొడుగు షాటు అయితె కెమెరా దాన్ని తనంతట తనే ముక్కలు చేస్తది. ఏ ముక్క ఎనుక ఏ ముక్క రావాలెనో మా సాఫ్ట్‌వేరుకు ఆ చిన్న ఫైళ్లే చెప్తయి. అవి లేకపోయేసరికి ముక్క ముక్కకు నడుమ అయ్యగారి మంత్రం గుటుక్కుమని మింగినట్టు అయ్యేది. ఒకాయన డీవీడీ వాపస్ తెచ్చి, మా అయ్యగారికి ఎక్కిళ్లు లేవు, మీ దుకాణంలనే అంటుకున్నయి అని తిట్టిపోయిండు. అప్పుడు అన్న ఒక కానూన్ పెట్టిండు. ఏ రోజు తీసింది ఆ రోజు పేరు మీద ఒక ఫోల్డర్. కార్డుల ఉన్నది ఉన్నట్టు, చిన్నది పెద్దది అనకుండ, మొత్తం అండ్ల పెట్టాలె. పెట్టినంక తెరిచి చూడాలె. చూసినంకనే కార్డు ఖాళీ చెయ్యాలె. ఇంటిపేర్లు వద్దు, సగం ఊరికి ఒక్కటే ఇంటిపేరు, రోజు అయితె ఎవరికైనా ఒక్కటే గదా అన్నడు. నిజమే అనిపించింది మాకు.

నా భయం మాత్రం ఆ కార్డు ఖాళీ చేసుడు కాడ ఉండె. కార్డులు పిరం, తక్కువ ఉండె మా తాన. ఒక్క లగ్గంలనే కార్డు రెండుమాట్ల నింపి, నడుమల దుకాణానికి ఉరికొచ్చి ఖాళీ చేసుడు. ఖాళీ చేసినంక ఇగ అసలు అనేది లేదు. మా సిస్టం పక్కన ఒక నల్లటి హార్డ్ డిస్క్ ఉండేది, ఇటుకబిల్ల అంత. అండ్ల ఉన్నదే అసలు, అదే నకలు, అదే అంతా. అది తిరుగుతుంటె చిన్నగ కీచుమని మోగేది. నేను దాని పక్కన చాయ గిలాస గూడ పెట్టనిచ్చేదాన్ని కాదు. అన్న నన్ను చూసి, దీనికి పాలిస్తున్నవా ఏంది అని గేలి చేసేది.

ఆ శ్రావణమాసం వాన బాగ కొట్టింది. లగ్గాలు గూడ గంతే. శనివారం పగటీలి బసంత్‌నగర్ల సిమెంటు ఫ్యాక్టరీలోళ్ల ఇంట్ల ఒకటి. ఆదివారం తెల్లారకముందే ముహూర్తం ఉన్నది మా కాక బిడ్డది. కాక అంటె సొంతం గాదు, మా క్వార్టర్ల ఎనుక లైన్ల ఉంటడు. బాయిల పంపు ఆపరేటరు, అంటె ఊటనీళ్లు మోటరు పెట్టి పైకి తోడించే పని. ఒక్కతే బిడ్డ, నాకంటె పెద్దది, నేను అక్క అనే పిలుస్త. పిల్లగాడు గోలేటి ఊరోడు, వాళ్లది గూడ బొగ్గు కంపెనీ కుటుంబమే. లగ్గం టౌన్ల ఫంక్షన్ హాల్ల. రెండిట్లకు మా బావనే కెమెరా.

కాక లీవు పెట్టిండు. పెట్టకుండ ఎట్లుంటడు? కని శనివారం పొద్దుమూకినంక ఇంటి ముందుకు జీపొచ్చింది. బాయిల నీళ్లు పెరుగుతున్నయి, పంపు కాడుండే ఇంకొకాయనకు జ్వరం, ఒక్కపారి వచ్చి మోటరు సెట్ చేసిపో, నీ తర్వాత మనిషి వస్తడు అన్నరు. కాక సాటి మనుషులు కింద పనిల ఉన్నరు. పంపు ఆగితె వాళ్లొచ్చే తొవ్వ మునుగుతది. పోయిండు. ముహూర్తం వరకు వస్త అని అక్క నెత్తిమీద చెయ్యి పెట్టి పోయిండు. ఆయన తర్వాత రావాల్సిన మనిషి వాగు అవతల చిక్కుకున్నడు, రాలే. ఇంకొకరు వచ్చేదాక పంపు ఇడిచి కదలరాదు. అది ఎవరో పెట్టిన రూలు గాదు, బాయిల పనిచేసినోనికి అది మనసులనే ఉంటది.

అల్లుని కాళ్లు కాక వాళ్ల పెద్దన్న కడిగిండు. పుస్తె కట్టుడు అయిపోయింది. కాక హాల్‌కు వచ్చేటాళ్లకు జనం టిఫిన్లు తింటున్నరు. పైన బట్టలు మార్చుకున్నడు గని కండ్ల సుట్టు, అరచేతులల్ల బొగ్గు అట్లనే ఉన్నది. మా లైన్ల ఆడోళ్ల నోళ్లు ఊకుంటయా? అల్లుని కాళ్లకు నీళ్లు పొయ్యమంటె ఈయన బాయి నీళ్లు తోడవోయిండు అని ఒకామె అన్నది, అందరు నవ్విన్రు. కాక గూడ నవ్విండు. నేను పక్కనే ఉన్న. ఆ నవ్వు నాకు నచ్చలే.

మంగళవారం పొద్దుగాల నేను దుకాణం తెరిచి కాక వాళ్ల లగ్గం పనికి కూసున్న. అన్న ఆల్బం ప్రింట్ల కోసం కరీంనగర్ పోయిండు. బసంత్‌నగర్ లగ్గం అన్ననే స్వయంగ మిక్సింగ్ చేసి, సోమవారమే డీవీడీలు ఇచ్చేసిండు, వాళ్లకు తొందరుండె. కాక వాళ్లది నాకు ఒప్పజెప్పిండు.

ఆదివారం ఫోల్డర్ తెరిచిన. మొదటి వీడియోల పందిట్ల కింద పడ్డ తలంబ్రాల బియ్యం మీద చిన్నపిల్లలు జారుతున్నరు. రెండో దాంట్ల టిఫిన్లు. తర్వాత కాక వచ్చుడు, తర్వాత భోజనాలు, అప్పగింతలు, కారెక్కుడు. అయిపోయింది.

ఏదో ఒకటి ఇడిచిపెట్టి చూసిన అనుకొని మల్ల మొదటి నుంచి చూసిన. కాళ్లు కడుగుడు లేదు. జీలకర్ర బెల్లం లేదు. పుస్తె లేదు.

నంబర్లు చూసిన. నడుమల నంబరు తెగితె ఏదో పోయిందని తెలుస్తది. తెగలే. సున్నా నుంచి మొదలై వరుసగ ఉన్నయి. అదే నన్ను ఇంకా భయపెట్టింది. సున్నా నుంచి ఉన్నదంటె, అంతకుముందు ఈ కార్డు ఖాళీ చేసిండు బావ. ఖాళీ చేసిండంటె ముహూర్తం ఏడనో పెట్టిండాలె. పెట్టకుండనే ఖాళీ చేసిండా? శనివారం అంతా బసంత్‌నగర్ల నిలవడి, మల్ల నిద్ర లేకుండ ఇక్కడ నిలవడి, కండ్లు మూసుకపోతుంటె పెట్టిన అనుకొని ఖాళీ కొట్టిండా?

బావకు ఫోన్ చేసిన. స్విచ్ఛాఫ్. అప్పుడు యాదికొచ్చింది, ఆ వారం ఆయనది ఫస్ట్ షిఫ్టు. బాయి లోపటికి ఫోన్ పట్టుకపోనియ్యరు. షిఫ్టు దిగి పైకి వచ్చేదాక మనిషి లేనట్టే. లేనట్టే అని తెలిసి గూడ ఊకె ఊకె చేసిన. ఆమె ఎవరో ఇంగ్లీషుల, తెలుగుల చెప్తనే ఉన్నది, స్విచ్ఛాఫ్ అని. ఆమె మీద గూడ కోపమొచ్చింది నాకు.

హార్డ్ డిస్క్ సైడుకు చెవి పెట్టి విన్న. కీచుమంటనే ఉన్నది. దానికి ఏం కాలే.

గప్పుడే వచ్చిండు కాక. ఆయనది ఆ వారం సెకండ్ షిఫ్టు, పగటిదాక ఖాళీనే. చేతుల ఒక కవరు, లగ్గంల మిగిలిన లడ్లు. నాకోసం తెచ్చిండు. ఆ కవరు నా ముందు పెట్టి, స్టూలు గుంజుకొని నా పక్కన కూసున్నడు.

"అయిందా బిడ్డా?"

ఇంకా మొదలే పెట్టలే కాకా అన్న. అయ్యేదాక ఎవరు ఆగుతరు, ఉన్నది ఉన్నట్టు చూపెట్టు, పాటలు గీటలు నాకద్దు అన్నడు. ఫొటోలు వచ్చినయి గదా కాకా, చూడలేదా అంటె, చూసిన, ఫొటోలల్ల అందరు కెమెరా దిక్కే చూస్తున్నరు, లగ్గం ఎవరు చూసిన్రో తెలుస్తలేదు అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. నేను లడ్ల కవరు పక్కకు జరిపిన.

ఏం చెయ్యాలె? సిస్టం నెమ్మదిగ ఉన్నది కాకా, వేడెక్కింది అని, ముందుగాల ఆయన హాల్‌కు వచ్చిన వీడియో పెట్టిన. తెరమీద తనను తను చూసుకొని, గీ దొంగెవడు బిడ్డా, కండ్లకు కాటుక పెట్టుకొని వచ్చిండు అన్నడు. అప్పగింతలు వచ్చినయి. అక్క ఆయన మెడ పట్టుకొని ఏడుస్తుంటె ఆమె పసుపు చీర మీద ఈయన చెయ్యి నల్లగ అచ్చు పడ్డది. కాక ఆ మచ్చనే చూసిండు. తర్వాత, "ముందటిది పెట్టు" అన్నడు.

అప్పుడే కరెంటు పోయింది. మా ఊరికెళ్లి ఏ దిక్కు చూసినా కరెంటు తయారు చేసే చిమ్నీలే కనవడుతయి, మాకు మాత్రం కోతలే. ఆ ఒక్కదినం కరెంటు కోతకు దండం పెట్టిన. యూపీఎస్ కీకీమని మొత్తుకుంటుంటె సిస్టం బంద్ చేసిన. కాక పోతడేమో అనుకున్న. పోలే. బయటికి పోయి ఇద్దరికి చాయ చెప్పి వచ్చి మల్ల అదే స్టూలు మీద కూసున్నడు. కరెంటు యాడికి పోతది, మాకు గూడ మోటర్లు ఆగుతయి, మల్ల వస్తయి అన్నడు.

నా లోపట ఒకటే తిరుగుతుంది. చెప్పాల్నా, బావ వచ్చేదాక ఆగాల్నా? చెప్తె ఈయన బావను ఏమనడు. అదే ఇంకా కష్టం. ఎవరన్న తిడతరంటె నేను ఓర్చుకుంట. పోనీ బిడ్డా అని లేచి పోయే మనిషికి ఏం చెప్తం? ఒక్కపారి చూడకుండ పోయింది. రెండోపారి చూసే రాతనన్న ఉన్నదనుకొని కూసున్నడు. అది గూడ లేదని నేను చెప్పాలె.

కరెంటు వచ్చింది. దాని ఎంబడే అన్న ఫోనొచ్చింది. ఓణీల ఫంక్షన్ తీసిన కార్డులు పగటియాళ్ల వస్తున్నయి, వాటిని జల్ది దించుకొని కార్డులు వాపస్ ఇయ్యాలె, సాయంత్రం మల్ల వేరే పని ఉన్నది అన్నడు. డిస్క్‌ల జాగ లేదన్నా అన్న. శనివారందాన్ని తీసెయ్, బసంత్‌నగరోళ్లకు డీవీడీలు పోయినయి, ఇగ దాంతోని పని లేదు అన్నడు. ముహూర్తం సంగతి చెప్పబోయిన. కాక పక్కనే ఉన్నడు. సరే అన్నా అని పెట్టేసిన.

పెట్టేసి గూడ చెయ్యి కదలలే. నాకు ఎవరి లగ్గమైనా తీసెయ్యాల్నంటె మనసొప్పదు. కాసేపైనంక అన్న మల్ల చేసిండు. తీసినవా? తీస్తున్న అన్నా. ఏం తీస్తున్నవ్, పండ్లా? జల్ది కానియ్, కార్డులు పట్టుకొని మనిషి బయలెల్లిండు అన్నడు. ఇగ తప్పదని శనివారం ఫోల్డర్ మీద నొక్కి డిలీట్ కొట్టిన. సిస్టం అడిగింది, ఇది మొత్తానికే పోతది, మల్ల రాదు, తీసెయ్యాల్నా అని. అవును మీద బాణంగుర్తు పెట్టిన.

కాక అప్పటికే తన ముచ్చట తను చెప్పుకుంటున్నడు. నేను సగం వింటున్న, సగం వింటలే. మోటరు కాడ ఒక్కన్నే కూసున్న బిడ్డా, గడియారం చూస్తనే ఉన్న, ఇప్పుడు కాళ్లు కడుగుతుంటరు, ఇప్పుడు జీలకర్ర బెల్లం పెడుతుంటరు అని మనసుల లగ్గం చేసుకుంట కూసున్న అంటున్నడు. లీవుల ఉన్నోన్ని పిలిచిన్రు గదా, మస్టరు గూడ వేసిన్రు, శనివారం మస్టరు పడ్డది నాకు అన్నడు.

మస్టరు అంటె డ్యూటీ హాజరు. నేను ఉత్తగనే, మాట మాట్లాడాల్నని, లగ్గం ఆదివారం గదా కాకా అన్న.

"లోకానికి ఆదివారం బిడ్డా. బాయోళ్లకు నైట్ షిఫ్టు దిగేదాక శనివారమే. ఫస్ట్ షిఫ్టు సైరన్ మోగితెనే మాకు రోజు మారేది."

నేను తెర దిక్కే చూస్తున్న. మౌసు మీద నా వేలు అట్లనే ఉన్నది. శనివారం నైట్ షిఫ్టు. మా బావ బాయోడే గదా. మా ఇంట్ల గూడ గట్లనే అంటడు. తెల్లారుజాముల వచ్చి నిన్నటి డ్యూటీ అంటడు, మా సొంత అక్క ఇయ్యాల్టిది అంటది, ఇద్దరు కొట్లాడుతరు. ఎన్నిసార్లు విన్న ఆ కొట్లాట.

ఆ బాణంగుర్తును మెల్లగ, తొవ్వల ఎవరన్న పండుకుంటె దాటినట్టు, అవును మీదికెళ్లి తీసి వద్దు మీద పెట్టి నొక్కిన. అడిగిన డబ్బా మాయమైంది. శనివారం ఫోల్డర్ అక్కడనే ఉన్నది.

తెరిచిన. బసంత్‌నగర్ కార్డులు. వాటి కింద, అన్న పని మొదలు పెట్టినంక వచ్చి చేరిందేమో, ఇంకోటి. దాని పేరు "నైట్" అని ఉన్నది.

లోపటికి పోయిన, ఇంకా లోపటికి పోయిన. ఉల్లిగడ్డ పొరలన్ని ఉన్నయి. చిన్న ఫైళ్లు గూడ ఉన్నయి, ఒక్కటి పోలే. బావ నిద్రల గూడ కానూన్ తప్పలే. ఏ రోజుది ఆ రోజు ఫోల్డర్లనే పెట్టిండు. ఆయన లెక్కల శనివారం ఇంకా అయిపోలే.

మొదటి వీడియో నొక్కేముందు దేవున్ని తలుచుకున్న. బావ పెట్టినంక తెరిచి చూసిండా, ఉత్త పేరే ఉన్నదా? ఒకసారి పేరుండి లోపట నల్లగ వచ్చింది మాకు. గిర్రున తిరిగింది, తిరిగింది. తర్వాత సన్నాయి వినవడ్డది.

కాక స్టూలు ముందటికి జరుపుకున్నడు.

టైమ్‌లైన్ల పెట్టి మొదటి నుంచి నడిపిచ్చిన. ముక్కలు ముక్కలుగ ఉన్నది అతుక్కొని ఒక్కటే లగ్గమై పోతుంది, మంత్రం ఎక్కడ తెగలే. కాళ్లు కడుగుడు వచ్చింది. కాక వాళ్ల పెద్దన్న కూసొని అల్లుని కాళ్లు కడుగుతుంటె కాక చూసి, మా అన్నను చూడు, గిన్నెలు తోమినట్టు తోముతుండు అన్నడు. నేను నవ్విన. అప్పటిదాక ఎంత బిగవట్టుకొని ఉన్ననో, నవ్వుతోని పాటు కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఆయన చూడలే, తెరనే చూస్తుండు.

అక్క పీటల మీదికి వచ్చింది. అడ్డుతెర పట్టిన్రు. బావ కెమెరా ఆమె మొఖం మీదనే ఉంచిండు. అక్క అయ్యగారు చెప్పినట్టు చేస్తుంది గని, నడుమ నడుమ తల తిప్పి పక్కకు చూస్తుంది. మా మిక్సింగ్ల అసోంటియి కట్ చేస్తం. పెండ్లిపిల్ల దిక్కులు చూస్తె మంచిగుండదని అన్న అంటడు. ఆమె ఏం చూస్తుందో నాకు జర సేపు అర్థం కాలే. ఆ హాల్ల గేటు ఆ దిక్కే ఉంటది. ఎవరో గొడుగు పట్టుకొని లోపటికి వస్తె మెడ ఎత్తింది. ఆ మనిషి గొడుగు ముడిచినంక మెడ దించింది. పుస్తె కట్టేటప్పుడు పిల్లగాడు ముందుకు ఒంగితె ఆయన భుజం మీదికెళ్లి మల్ల ఒకపారి చూసింది. అయ్యగారు తల వంచమ్మా అన్నడు. వంచింది.

కాక నన్ను ఆపమనలే, మల్ల పెట్టమనలే. వీడియో నడుస్తనే ఉన్నది, అక్షింతలు పడుతున్నయి, బ్యాండోళ్లు గట్టిగ కొడుతున్నరు. ఆయన రెండు చేతులు మోకాళ్ల నడుమ పెట్టుకొని కూసున్నడు. నేను కవరు విప్పి ఒక లడ్డు ఆయన చేతుల పెట్టిన. ఎందుకు పెట్టిన్నో తెల్వదు. పట్టుకొని కూసున్నడు, తినలే.

లగ్గం అయినంక నెమ్మదిగ చెప్పిండు. గేటు దిక్కు చూసినయి అన్ని తీసెయ్ బిడ్డా. గోలేటోళ్లు చూస్తె పిల్లకు లగ్గం మీద మనసు లేదనుకుంటరు, కొత్త ఇల్లు. నేను సరే అన్న. ఎట్లన్న తీసేటియే గదా. జేబులకెళ్లి ఫోన్ తీసి నా ముందు పెట్టిండు.

"ఆ తీసిన ముక్కలు నా చిప్పుల వెయ్యి. ఆమెకు చెప్పకు."

చిప్పుల వేసుడంటె ఉత్తగ కాదు. ఆయన చిన్న ఫోనుకు మా కెమెరా వీడియో ఎక్కది, మార్చాలె. ముక్కలన్ని ఏరి పక్కన పెట్టి మార్చుడు మొదలుపెట్టిన. గీత మెల్లగ నిండుతుంది. మల్ల కరెంటు పోతదేమోనని నేను, డ్యూటీకి యాళ్లయితదేమోనని ఆయన, ఇద్దరం ఆ గీతనే చూసుకుంట కూసున్నం. ఈ నడుమ ఓణీల ఫంక్షన్ కార్డులు వచ్చినయి. బసంత్‌నగర్ కార్డుల ఫోల్డర్లు ఒక్కొక్కటి తెరిచి చూసి, అవి మాత్రమే తీసేసి జాగ చేసిన. "నైట్"ను తీసి ఆదివారంల పెట్టబోయి ఆగిన. జరిపేటప్పుడు ఏమన్న అయితె? ఉన్న కాడనే ఉండనిచ్చిన.

కాక పోయినంక బావ వచ్చిండు, తానం చేసి, తల దువ్వుకొని, ఏం తెల్వనట్టు. నేను పొద్దటి సంది పడ్డదంతా ఆయన మీద కుమ్మరిచ్చిన. బావా, నీకు వారం ఎప్పుడు మారుతది, జర కాగితం మీద రాసియ్యి, గోడకు అంటిస్త అన్న. ఆయనకు ఎంతకూ సమజైతలే. మంచిగనే పెట్టిన గదా, శనివారం నైట్ల అంటడు. తెల్లారుజాము ఆదివారం కాదా అంటె, నువ్వు ఒక్క దినం బాయికి రా, అప్పుడు చెప్త ఆదివారం ఎప్పుడొస్తదో అన్నడు. అన్న కరీంనగర్ నుంచి వచ్చి విని తల పట్టుకొని కూసున్నడు. రోజు ఎవరికైనా ఒక్కటే అన్నది ఆయననే.

అప్పటి సంది నేను తారీకు రాసుడు, దాని పక్కన ఊరు, దాని పక్కన షిఫ్టు రాసుడు మొదలుపెట్టిన. అన్న నవ్వేది, ఇది స్టూడియోనా, బాయి కాడ మస్టరేసే మ్యాన్‌వే ఆఫీసా అని. నవ్వితె నవ్వనీ. ఎవరన్న డిలీట్ అంటె ఇప్పటికీ ముందుగాల పొరలన్ని ఇప్పి చూస్త.

పదారు రోజుల పండుగకు అక్క గోలేటి నుంచి వచ్చింది. మమ్ముల పిలిచిన్రు. కూరలు వడ్డిస్తున్నదల్లా ఆపి నన్ను చెయ్యి పట్టి ఎనుక నల్లా కాడికి గుంజుకపోయింది. మొఖం నిండింది, గాజులు మోచేతి దాక ఉన్నయి, మంచిగనే ఉన్నది. నల్లా ఇప్పి, నీళ్ల సప్పుడుల మెల్లగ అడిగింది.

"లగ్గంల నేను గేటు దిక్కు చూసుడు పడ్డదా?"

డీవీడీల లేదక్కా అన్న. అది నాకు తెలుసు, చూసిన, అత్తమ్మోళ్లు గూడ చూసిన్రు, మంచిగున్నదన్నరు అన్నది. మరి నువ్వు తీసింది ఎవరన్న చూసిన్రా? బాపు చూసిండా? చూస్తె ఇగ ఆ మనిషి నిద్రపోడు. నేను ఆగం పడి చూసిన్నని తెలిస్తె పంపు ఎందుకు పట్టుకున్న అని ఇన్నేండ్ల పనిని తిట్టుకుంటడు. చెప్పు, చూసిండా?

నల్లా నీళ్లు బకెట్ నిండి పొంగుతున్నయి. నేను బంద్ చేసిన.

చూడలే అక్కా, కాక రాకముందే తీసేసిన అన్న. నిజమా అన్నది. నిజమే అన్న. నా భుజం మీద తల పెట్టింది జర సేపు. ఇగ మంచిగయింది అని కండ్లు తుడుచుకొని లోపటికి పోయింది.

నేను లోపటికి వచ్చి విస్తరి ముందు కూసున్న. టీవీ మీద కాక ఫోన్ చార్జింగ్ పెట్టి ఉన్నది. నా కండ్లకు ఆ గదిల ఇంకేం కనవడుతలే. అక్క వచ్చింది, సామాను సర్దింది, ఫోన్ చూసింది. బాపు, దీంట్ల నా లగ్గం ఫొటోలున్నయా అని చేతుల పట్టుకున్నది. వైరు ఇంకా దానికి వేలాడుతనే ఉన్నది. బటన్లు నొక్కుతుంది.

నేను ముద్ద నోట్ల పెట్టుకొని నమలకుండ కూసున్న.

కాక అర్రలకెళ్లి వచ్చిండు. డ్యూటీ బట్టలేసుకున్నడు. బిడ్డ చేతిలకెళ్లి ఫోన్ తీసుకున్నడు, నెమ్మదిగ, పసిపిల్ల చేతిల గాజు గిలాస తీసుకున్నట్టు. ఫొటోలు మల్ల చూద్దువు బిడ్డా, నాకు డ్యూటీకి యాళ్లయింది అన్నడు. వైరు గుంజి, ఫోన్ పై జేబుల పెట్టుకొని గుండీ పెట్టుకున్నడు. గడప దాటుకుంట నా దిక్కు ఒక్కపారి చూసిండు. నేను విస్తరిల తల దించిన.

అక్క గుమ్మం కాడ నిలవడి, పైలం బాపు అన్నది. సందు మలిగేదాక చూసింది.

ఆయన షిఫ్టు సైరన్ ఇంకా మోగలే.